ఆదివారం పొద్దున్నే పార్కుకెళ్తే: పిట్టల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

చలి మొదలయ్యాక మాకొచ్చే ఉత్తరాల్లో ఒకటే గోల, పిల్లల్ని సెలవు రోజు ఎక్కడికి తీసుకెళ్ళాలి, మాల్ కాకుండా సినిమా కాకుండా ఏదైనా చెప్పండి అని. వాటిల్లో పక్షుల్ని చూడటం గురించి అడిగినవన్నీ ఏరి ఈసారి ఒకేచోట పెట్టాను. నాకు ప్రాణమైన విషయం ఇది, అందుకే కొన్ని జవాబులు పొడుగయ్యాయి, కొంచెం ఓపిక పట్టండి.

మేడం, మాది కూకట్‌పల్లి. పాప ఐదో క్లాసు, బాబు యూకేజీ. మొన్న ఆదివారం మా అత్తగారితో సహా అందరం పక్షుల్ని చూద్దామని కేబీఆర్ పార్కుకెళ్ళాం. చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. అటూ ఇటూ తిరిగాం, రెండు నెమళ్ళు, కాకులు, పావురాలు తప్ప ఏం కనబడలేదు. బాబు ఎత్తుకోమని ఏడుపు, అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి, మా ఆయన ఫోన్ తీసి కూర్చున్నారు. అక్కడ ఎన్నో రకాల పక్షులున్నాయని అందరూ అంటారు, మరి మాకే ఎందుకు కనబడలేదు? ఇంకోసారి అంటే ఇంట్లో ఎవరూ కదిలేలా లేరు.

పక్షులు అక్కడే ఉన్నాయమ్మా, మీరు వెళ్ళేసరికి వాటి టిఫిన్ టైమ్ అయిపోయింది అంతే. తెల్లారాక మొదటి రెండు గంటలే పిట్టలు బాగా తిరిగే టైము, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటాయి కదా, అప్పుడే తింటాయి, అప్పుడే అరుస్తాయి, అప్పుడే కొమ్మల చివర్లకొచ్చి ఎండ కాచుకుంటాయి, ఎండెక్కితే ఆకుల్లోకి దూరి గమ్మునుంటాయి. పైగా కేబీఆర్‌ని మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున, సాయంత్రమే తెరుస్తారు, కాబట్టి ఆలస్యంగా వెళ్తే అటు పిట్టలూ ఉండవు ఇటు టైమూ ఉండదు. ఈసారి ఆరున్నరకల్లా గేటు దగ్గరుండండి. శనివారం రాత్రి పిల్లల్ని తొందరగా పడుకోబెట్టండి, టిఫిన్ మాత్రం బయటికొచ్చాక పెడదాం అని ముందే చెప్పేయండి, చేతిలో చిప్స్ ప్యాకెట్ ఉంటే పిల్లల కళ్ళు దానిమీదే ఉంటాయి, ఆ కవర్ చప్పుడుకి దగ్గర్లో పిట్ట కూడా నిలవదు.

ఇంక రెండోది, ఇదే అసలు సంగతి. తిరగొద్దు. 350 ఎకరాల పైనే ఉన్న అడవిని ఒక్క పొద్దున్నే చుట్టేయాలని చూస్తే మిగిలేది కాళ్ళనొప్పే. లోపలికెళ్ళి ఒక మంచి చెట్టు చూసుకోండి. మంచి చెట్టంటే పూసిందో కాసిందో అయ్యుండాలి. మర్రి, రావి, జువ్వి కాయలు పండినప్పుడు దానికింద కూర్చుంటే చాలు, పిట్టలే వరసగా వస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగో బూరుగో పూసిన చెట్టు దొరికితే ఇంక చెప్పక్కర్లేదు, గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు, చిలకలు అన్నీ అదే కొమ్మ కోసం కొట్లాడుకుంటాయి. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా కూర్చోండి, ఎదురుగా ఉంటే ప్రతి పిట్టా నల్లగానే కనబడుతుంది. అత్తగారి మోకాళ్ళకి కూడా ఇదే నయం. అరగంట అక్కడే ఉండండి. మొదటి పది నిమిషాలు ఏమీ జరగదు, మీరొచ్చిన అలికిడికి సర్దుకున్న పిట్టలు మళ్ళీ బయటికి రావడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది, చాలామంది సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే లేచెళ్ళిపోతారు.

మూడోది చెవులు. మీ బాబుకి ఇదే ఆట. కళ్ళు మూసుకుని ఎన్ని రకాల అరుపులు వినబడితే అన్ని వేళ్ళు మడవమనండి. పొదలోంచి ఊప్ ఊప్ ఊప్ అని లోతుగా వస్తే జెముడు కాకి, కాకంత ఉంటుంది, ఇటుకరంగు రెక్కలు, ఎర్ర కళ్ళు, ఎగరడం కన్నా నేలమీద నడవడమే దానికిష్టం. టువిట్ టువిట్ అని ఇంత గొంతేసుకుని అరిచేది చూస్తే మీ బొటనవేలంత దర్జీ పిట్ట, తోక నిలబెట్టుకుని తిరుగుతుంది, ఆకు అంచులకి ముక్కుతో బెజ్జాలు పొడిచి సాలెగూటి పోగులతో, దూదితో కుట్టి ఆ సంచిలో గూడు పెడుతుంది. నేలమీద ఎండుటాకులు తిరగేస్తూ ఆరేడు బూడిదరంగు పిట్టలు ఒకటే గొడవగా కనబడితే అవి ఏడుగురు అక్కచెల్లెళ్ళు అని పిలిచేవి, ఒకదాన్ని వదిలి ఇంకోటి పోవు.

ఇంకోటి చెప్తా, నాకు చాలా ఇష్టమైనది, కంసాలి పిట్ట. టుక్ టుక్ టుక్ అని సన్నటి సుత్తితో రాగి మీద కొడుతున్నట్టే ఉంటుంది, జనవరి చివర్నించి ఎండాకాలమంతా ఆపకుండా కొడుతూనే ఉంటుంది, కానీ ఎక్కడుందో దొరకదు. ఎందుకంటే అరిచేటప్పుడు తల ఒకసారి ఇటు ఒకసారి అటు తిప్పుతుంది, మనకి శబ్దం రెండు చెట్ల మీంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. ఆకుల్లేని ఎత్తు కొమ్మ చివర చూడండి. ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద ఎర్ర బొట్టు, కళ్ళ చుట్టూ పసుపు. బైనాక్యులర్‌లో పట్టుకుంటే ఇంకో సంగతి తెలుస్తుంది, ముక్కు తెరవకుండానే అరుస్తుంది, ప్రతి టుక్కుకీ గొంతు రెండువైపులా ఉబ్బుతుంది. మీ పాప ఒక్కసారి అది చూసిందంటే మళ్ళీ ఎవరూ బతిమాలక్కర్లేదు.

మీ వారికి కూడా పని చెప్పండి. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది కాబట్టి మెర్లిన్ అనే యాప్ వేయించండి, ఫ్రీయే, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ పక్షుల ల్యాబ్ తయారుచేసింది, ఇంటి దగ్గరే ఇండియా పక్షుల ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. అరుపు వినిపిస్తే ఏ పిట్టో చెప్తుంది. చెప్పిందల్లా నమ్మేయకండి, పేరు చూపించాక ఆ పిట్టని కంటితో వెతికి పట్టుకునే బాధ్యత పాపకివ్వండి. మీ అత్తగారు ఊళ్ళో పెరిగినావిడైతే ఆవిణ్ణి పక్కనే కూర్చోబెట్టుకోండి, గేదెల వీపు మీద కూర్చునే నల్ల ఏట్రింత పెద్ద గద్దని కూడా ఎలా తరిమికొడుతుందో, చెరువు గట్టున తీతువు ఎందుకంత గొడవ చేస్తుందో మనం చదివి తెలుసుకునేవన్నీ వాళ్ళు చిన్నప్పుడు చూసేసినవే, అడిగేవాళ్ళు లేక చెప్పరు.

ఎన్ని రకాలు చూశామనే లెక్క మొదట్లోనే పెట్టకండి. మొదటిసారి ఆరేడు పిట్టల్ని బాగా గుర్తుపడితే చాలు. రెండుమూడుసార్లు వెళ్ళాక పాపకి లెక్క మీద మోజు పుడితే అప్పుడు ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో చేరండి, 2013 నించి మన దేశంలో కూడా జరుగుతోంది, పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనబడ్డవి, వినబడ్డవి రాసి ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో పెడితే సరి, మీ బాల్కనీలోంచైనా చేయొచ్చు. ఇంకా ఉండాలి అని పిల్లలు అంటున్నప్పుడే బయటికి తీసుకొచ్చేయండి, ఇడ్లీ దుకాణానికి పోండి. ఏడుపు మొదలయ్యేదాకా ఆగితే పోయినసారి కథే.

బైనాక్యులర్స్ కొందామంటే ఆన్‌లైన్‌లో ఐదొందల నుంచి లక్ష దాకా ఉన్నాయి. 50 రెట్లు, 100 రెట్లు అని రాసినవి చవగ్గా దొరుకుతున్నాయి. ఏది తీసుకోవాలి? (కరీంనగర్ నుంచి ఒక తండ్రి)

ఆ వంద రెట్లవి అస్సలు కొనకండి. పిట్టలకి 8x42 అని రాసున్నది సరిపోతుంది. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనబడుతుంది, 42 అంటే ముందు అద్దం 42 మిల్లీమీటర్లు, అది ఎంత పెద్దదైతే అంత వెలుతురు లోపలికొస్తుంది. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, కనబడే జాగా తగ్గిపోతుంది, పిట్ట ఎక్కడుందో వెతుక్కునేలోపు అది ఎగిరిపోతుంది. పిల్లల చేతికైతే 8x32 లాంటి తేలికది మంచిది. ఎవరి దగ్గరైనా అడిగి ఒక పొద్దున వాడి చూసి అప్పుడు కొనండి.

కొన్నాక అందరూ ఇబ్బందిపడేది ఒకచోటే. పిట్టని చూస్తారు, తల దించి బైనాక్యులర్ చూస్తారు, మళ్ళీ తలెత్తేసరికి ఏ కొమ్మో మర్చిపోతారు. అలా కాదు, కళ్ళు పిట్ట మీంచి తిప్పకుండా బైనాక్యులర్‌నే కళ్ళ దగ్గరికి తీసుకురావాలి. ఇంట్లో గోడ గడియారం మీద పిల్లలతో ప్రాక్టీస్ చేయించండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని కిందికి తిప్పేయాలి, లేకపోతే నల్లటి నీడలే కనబడతాయి. మెడకి తాడు లేకుండా మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి.

ఆంటీ, నేను ఫిఫ్త్ క్లాస్. అక్టోబర్‌లో పార్క్‌కి వెళ్తే నెమళ్ళకి పొడుగు తోకలు లేవు. ఎవరైనా పీకేశారా? వాటికి జబ్బా? (సికింద్రాబాద్ నుంచి)

ఎవరూ పీకలేదు నాన్నా, జబ్బు కూడా కాదు. మగ నెమలి ప్రతి ఏడూ వానాకాలం అయ్యేసరికి ఆ పొడుగు ఈకలన్నీ తనే రాల్చేస్తుంది, మళ్ళీ కొత్తవి మెల్లగా వస్తాయి. వానలప్పుడు ఆడ నెమళ్ళ ముందు పురి విప్పి ఆడటానికే అవి కావాలి, ఆ పని అయిపోయాక అంత బరువు మోసుకుంటూ తిరగడం ఎందుకు చెప్పు, పిల్లి వస్తే పరిగెత్తడానికి కూడా అడ్డమే. ఇంకో సంగతి, నువ్వు తోక అనుకుంటున్నవి అసలు తోక ఈకలు కావు, తోక పైన ఉండే ఈకలు అంత పొడుగు పెరుగుతాయి. పురి విప్పినప్పుడు వెనక్కెళ్ళి చూడు, వాటిని నిలబెట్టి పట్టుకున్న పొట్టి తోక కనబడుతుంది. మళ్ళీ వేసవి చివర్లో వెళ్ళు, నిండుగా ఉంటాయి. దారిలో ఈక దొరికితే చేతిలో పట్టుకుని చూసి అక్కడే పెట్టేయి, కేబీఆర్ లాంటి నేషనల్ పార్క్ లోంచి ఏదీ బయటికి తీసుకురాకూడదు.

మా వారికి ఈమధ్య కెమెరా పిచ్చి పట్టుకుంది. పిట్ట దగ్గరికి రావాలని ఫోన్‌లో దాని అరుపే పెడుతున్నారు, అది నిజంగానే వచ్చేస్తోంది. గూళ్ళ ఫోటోలు కూడా తీస్తున్నారు. నాకెందుకో తప్పనిపిస్తోంది, చెప్తే వినరు. (కొండాపూర్ నుంచి ఒక ఇల్లాలు)

మీకనిపించింది నిజమేనండి, ఈ పేజీ ఆయనకి చూపించండి. తన జాగాలోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని ఆ పిట్ట కొట్లాటకి వస్తోంది, ఫోటోకి కాదు. తినాల్సిన టైమ్ అంతా లేని శత్రువుని వెతుక్కోవడంలో పోతుంది, గూట్లో పిల్లలుంటే వాటికి తిండి ఆలస్యం. ఆదివారం ఒకే చెట్టు దగ్గర పదిమంది ఇదే పని చేస్తే ఆ పిట్ట గతేంటి? గూటి సంగతి ఇంకా ఘోరం, మనం నిలబడి చూసేచోటే కాకి కూడా చూస్తుంది, మనం ఫోటో కోసం పక్కకి తప్పించిన ఆకులే గూటికి నీడ, మాటు. ఆయన వెళ్ళాక గుడ్లు కాకి ఎత్తుకుపోతే ఆయనకి తెలియను కూడా తెలియదు. గూడు కనబడితే ఆగకుండా నడిచి వెళ్ళిపోవడమే, ఎక్కడుందో నెట్‌లో పెట్టడం కూడా వద్దు. మంచి ఫోటో కావాలంటే పైన చెప్పిన కాయలకాసిన చెట్టు కింద కదలకుండా గంట కూర్చోమనండి, అరుపులు పెట్టక్కర్లేదు.

పార్కులో పిట్టపిల్ల ఒకటి నేలమీద పడుంటే మా పిల్లలు ఇంటికి తెచ్చారు. అన్నం పెడితే తినట్లేదు. ఏం చేయాలి? (హనుమకొండ)

ఎక్కడ దొరికిందో వెంటనే అక్కడికే తీసుకెళ్ళండి. ఒళ్ళంతా ఈకలొచ్చి పొట్టి తోకతో గెంతుతోందంటే అది పడిపోలేదు, గూట్లోంచి బయటికొచ్చి ఎగరడం నేర్చుకుంటోంది, అమ్మానాన్నా చుట్టుపక్కలే ఉండి తినిపిస్తుంటాయి. కుక్కలూ పిల్లులూ అందని పొదలో పెట్టి దూరంగా నిలబడి చూడండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందనేది నిజం కాదు, ఆ భయం వద్దు. ఈకలే రాని ఎర్రటి పిల్ల అయితే, గూడు కనబడి అందితే అందులోనే పెట్టేయండి. అన్నం, పాలు, నోట్లో నీళ్ళు పోయడం ఇవేవీ చేయకండి, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో ఉంచి పశువుల డాక్టరుకో అటవీశాఖ వాళ్ళకో అప్పగించండి.

మాది గుంటూరు. మాకు కేబీఆర్ లాంటిది లేదు. పిల్లలకి పెద్ద పక్షులే కావాలట, చిన్నపిట్టలు కనబడట్లేదని విసుగు. (ఒక టీచర్)

మీ పక్కనే ఉప్పలపాడు పెట్టుకుని నన్నడుగుతున్నారా! ఊరి చెరువుల్లో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టుకుంటాయి, గట్టు మీంచే కనబడతాయి, బైనాక్యులర్ లేకపోయినా పర్లేదు. గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలోకి తలంతా దూర్చి చేపలు తినడం చూస్తే పిల్లలకి విసుగన్న మాటే రాదు. చలికాలంలో పొద్దున్నేగానీ సాయంత్రం పిట్టలన్నీ తిరిగొచ్చే టైముకిగానీ వెళ్ళండి, వాసన మాత్రం గట్టిగానే ఉంటుంది. హైదరాబాద్‌లో నీటిపక్షులు కావాలన్నవాళ్ళకి కూడా ఇక్కడే చెప్పేస్తా, అమీన్‌పూర్ చెరువుకెళ్ళండి, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, చలికాలంలో ఫ్లెమింగోలు కూడా వస్తుంటాయి.

ఇదంతా ఇంగ్లీషు వాళ్ళ సరదా కదండీ, మనవాళ్ళకి పక్షుల గురించి ఏం తెలుసు? (నిజామాబాద్ నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి)

ఆ మాట ఒప్పుకోనండి. కడప అడవుల్లో ఉండే కలివి కోడి అనే పిట్టని మొదట శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చింది జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరే, 1848లో. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో మళ్ళీ దొరికింది, దొరికింది ఎవరికి? ఆ పిట్ట తిరిగే చోటు తెలిసిన స్థానికుడు ఒకాయన రాత్రిపూట టార్చి వెలుతుర్లో పట్టుకున్నాడు, అప్పుడే ప్రపంచానికి తెలిసింది. ఇంక మీ వైపు సంగతంటారా, మన దేశపు పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931, 32ల్లో నైజాం సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు, తొంభై ఏళ్ళు దాటింది. కోనసీమ ఇళ్ళల్లో చూరుకి వరికంకుల కుంచెలు కట్టి పిచ్చుకలకి వదిలేసేది ఎవరు నేర్పితే నేర్చుకున్నారు?

అమ్మా, దసరా రోజు పాలపిట్టని చూడటం మా ఇంట్లో ఆనవాయితీ. ఇప్పుడు సిటీలో ఎక్కడా కనబడక కాలనీలోకి ఒకతను పంజరంలో తెస్తే డబ్బులిచ్చి మనవడికి చూపించాం. ఆ పిట్ట తలెత్తట్లేదు, రెక్కలు కట్టేసి ఉన్నాయి. పిల్లాడు ఏడ్చాడు. వచ్చే ఏడు ఏం చేయాలి? (ఉప్పల్ నుంచి ఒక తాతయ్య)

మీ మనవడు ఏడవడంలో న్యాయముంది తాతగారూ. ఒక్కరోజు దర్శనం కోసం ఆ పిట్టల్ని ముందుగానే వలేసి పట్టి, రెక్కలు కట్టి, తిండి సరిగ్గా పెట్టకుండా వీధులన్నీ తిప్పుతారు, పండగ అయ్యాక వదిలేసినా చాలావాటికి ఎగిరే సత్తువ ఉండదు. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడం, పంజరంలో పెట్టి తిప్పడం నేరం. వచ్చే దసరాకి అలాంటివాళ్ళు కనబడితే రూపాయి కూడా ఇవ్వకండి, అటవీశాఖకి ఫోన్ చేయండి, కాలనీ గ్రూపులో ముందే అందరికీ చెప్పండి, డబ్బులిచ్చేవాళ్ళు లేకపోతే పట్టేవాళ్ళూ ఉండరు.

మరి చూడటం ఎలా అంటారా, సిటీ దాటి పొలాలు మొదలయ్యేచోటికి వెళ్ళాలి. చేవెళ్ళ వైపు గానీ శంకర్‌పల్లి వైపు గానీ పొద్దున్నే కారు మెల్లగా పోనిస్తూ కరెంటు తీగల మీద చూస్తుండండి. పావురమంత పిట్ట, తల పెద్దది, కూర్చుని ఉన్నప్పుడు మట్టిరంగుగానే ఉంటుంది, ఇదేనా పాలపిట్ట అనిపిస్తుంది. కారు కాస్త దూరంగా ఆపి, దిగకుండా, అద్దం దించి ఆగండి. మిడత కోసం కిందికి దూకుతుంది, అప్పుడు రెక్కలు విచ్చుకుని ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా కనబడతాయి, పురుగు పట్టుకుని మళ్ళీ అదే తీగ మీదికి వచ్చేస్తుంది కాబట్టి మనవడు మొదటిసారి చూడలేకపోయినా రెండోసారి దొరుకుతుంది. దసరాకి ముందు ఆదివారమే ఒకసారి వెళ్ళి ఏ తీగ మీద కూర్చుంటుందో చూసి పెట్టుకోండి, పండగ రోజు నేరుగా అక్కడికే వెళ్ళొచ్చు.